ఎంట్విసిల్ వారి మైల

ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో హెరాల్డ్ ఎంట్విసిల్ అనే రిటైర్డ్ బస్సు డ్రైవరు కన్నుమూసిన మర్నాడు, సముద్రాలకి ఇవతల గోదావరి కాలవ ఒడ్డునున్న లాకులపేటలో పెళ్ళిపందిరి పని ఆగిపోయింది.

ఆపినవాడు ప్రభుత్వ జవాను. సైకిలు స్టాండు వేసి, నిచ్చెన మీదున్న మనిషిని పిలిచాడు.

"ఎంట్విసిల్ కొండలరాయుడు గారంటే ఎవరండీ?"

"నేనేనండి. ఏం కావాలి, కుర్చీలా? గుండిగలా?" అన్నాడు కొండలరాయుడు. ఊళ్ళో షామియానాల సప్లయి షాపు ఆయనదే. ఎందరి పెళ్ళిళ్ళకో పందిళ్ళు వేసిన చేత్తో ఇప్పుడు సొంత కూతురు మందాకిని పెళ్ళికి వేసుకుంటున్నాడు.

"మీ దాయాది పోయారండి. ఇక్కడో సంతకం పెట్టండి."

కొండలరాయుడు గబగబా నిచ్చెన దిగాడు. "ఎవరు? మా చిన్నాన్నా?"

"నేనిక్కడే ఉన్నాను కదరా!" అన్నాడు కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ చిన్నాన్న.

నోటీసు మందాకిని చదివింది. ఎంట్విసిల్ వంశీయుడైన శ్రీ హెరాల్డ్ గారి మరణం వల్ల సదరు వంశానికి నేటినుండి పది రోజుల మైల సంక్రమించిందనీ, ఆ లోపల ఏ శుభకార్యమూ చేయరాదనీ, చేసినచో ఆ వివాహం నమోదు కాదనీ దాని సారాంశం. కింద సంతకం, దాని కింద 'సానుభూతితో' అనే రబ్బరు స్టాంపు.

పెళ్ళి ఇంకో నాలుగు రోజుల్లో ఉంది.

రాష్ట్రానికి కిందటేడే మూలాల జ్వరం పట్టుకుంది. ఎవరింటికి వెళ్ళినా కాఫీకి ముందు వంశవృక్షం చూపిస్తున్నారు. ముత్తాత పేరు తెలియనివాణ్ణి పేకాటలో కూడా కలుపుకోవడం లేదు. ప్రజలకింత ఉత్సాహం ఉంటే ప్రభుత్వం ఊరుకుంటుందా? 'వంశమూలాల అన్వేషణ, విస్తరణ పర్యవేక్షణ సంస్థ' పుట్టింది. ఏ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారు అన్నది తేల్చడం దాని పని. ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే అని జీవో. వంశం ఒకటైతే మైలా ఒకటే అని దానికి అనుబంధం. దాయాదులు చచ్చినా తెలియని ఈ కాలంలో కబురందించి ధర్మాన్ని నిలబెట్టడం సంస్థ ఆశయం.

ఆశయం గొప్పదే. పెళ్ళి మాత్రం ఆగింది.

కొండలరాయుడు పురోహితుడు సోమయాజులు గారిని వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

సంస్థ సంయుక్త సంచాలకుడు డాక్టర్ ఉపమాక విశ్వంభరం గారి గదిలో గోడ నిండా ఇంగ్లండు పటం ఉంది. ఎంట్విసిళ్ళు ఉన్న ప్రతిచోటా ఒక ఎర్రచుక్క. లాంకషైర్ ప్రాంతానికి ఆటలమ్మ పోసినట్టుంది.

"దయచేయండి!" విశ్వంభరం గారు లేచి నిలబడి చేతులు జోడించారు. "ఎంట్విసిల్ వారు! ఈ రాష్ట్రంలో సంపూర్ణంగా పరిశోధింపబడిన ఏకైక వంశం తమది!"

"మా వంశానికేముందండి," అన్నాడు కొండలరాయుడు. "మా తాతగారి తాత సుబ్బన్న, లాకులు కట్టించిన దొర ఎంట్విసిల్ గారి దగ్గర వంటచేసేవాడు. ఊళ్ళో నలుగురు సుబ్బన్నలుండేవారట. ఈయన్ని ఎంట్విసిల్ గారి సుబ్బన్న అన్నారు. అదే ఉండిపోయిందండి. దొరకీ మాకూ చుట్టరికం లేదు."

"అది తమరి అభిప్రాయం."

"మా తాతలందరి అభిప్రాయమూ అదేనండి."

"నమోదు చేసుకుంటాం," అన్నారు విశ్వంభరం గారు, ఏమీ నమోదు చేసుకోకుండా. "బోల్టన్ దాపున ఎంట్విసిల్ అనే గ్రామం ఉంది. తమరి మూలస్థానం అది. ప్రాచీన ఆంగ్లంలో ఆ మాటకి, బాతులు తిరిగే ఏటి చీలిక అని అర్థం చెబుతారు."

"బాతులు మావూరి కాలవలోనూ ఉన్నాయండి."

"గమనించాం. సాంస్కృతిక నైరంతర్యం అనే పద్దు కింద చేర్చాం."

సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, ముక్కూ మొహం తెలియని దాయాది పోతే ఒక్క స్నానంతో సరి. శాస్త్రం ఆ మాత్రం వెసులుబాటు ఇచ్చింది."

"శాస్త్రం అభిప్రాయం చెబుతుంది స్వామీ. జీవో నిర్ణయం చెబుతుంది."

"పోనీ, మిగతా ఇంటిపేర్లవాళ్ళంతా హాయిగా పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు కదండి?" అన్నాడు కొండలరాయుడు. "మాకే ఎందుకీ మైల?"

విశ్వంభరం గారు విచారంగా తల ఊపారు. "మన ఇంటిపేర్ల లెక్క తేలాలంటే ఇంకో తరం పడుతుంది. వివరాలు లేవు. ఆంగ్లేయులు అలా కాదు. పుట్టినవాణ్ణీ పోయినవాణ్ణీ అక్షరక్రమంలో పెట్టుకున్నారు. అందువల్ల పథకం ప్రస్తుతానికి తమరి ఒక్క ఇంటిపేరుకే పూర్తిస్థాయిలో అమలవుతోంది. తమరు అదృష్టవంతులు."

అదృష్టవంతుడు బస్సెక్కి ఇంటికొచ్చాడు.

పెళ్ళి జ్యేష్ఠమాసానికి మారింది. ముహూర్తం వారం ఉందనగా ప్రెస్టన్‌లో మేబెల్ ఎంట్విసిల్ పోయింది. ఇంకో ముహూర్తం చూశారు. ఆల్బర్ట్ పోయాడు. ఆల్బర్ట్ మైల తీరకుండానే ఆస్ట్రేలియాలో ఎవరో నిచ్చెన మీంచి పడ్డారు. లాంకషైర్‌లో చలికి పోయేవారు చలికీ, ఎండకి పోయేవారు ఎండకీ పోతున్నారు. జవాను రోజూ వస్తున్నాడు. అతనికి లక్ష్మీకాంతం, అంటే కొండలరాయుడి భార్య, మజ్జిగ ఇవ్వడం అలవాటైపోయింది.

"ఈ మిల్‌డ్రెడ్ ఎవరండీ? మొన్న పోయినావిడ కాదూ?" అని అడిగింది ఒకరోజు.

"మొన్నటావిడ మేబెల్ అమ్మా. ఈవిడ ఆవిడకి ఏమీ కాదు."

"మరి మాకేమవుతుంది?"

"దాయాది."

మైలలో మగవాళ్ళు గడ్డం గీయకూడదు. కొండలరాయుడి గడ్డం మొదట చొక్కా గుండీ దాకా వచ్చింది. ఆషాఢం వచ్చేసరికి రెండో గుండీ దాటింది. సంతలో ఒక ముసలమ్మ ఆయన కాళ్ళకి దండం పెట్టి అరటిపళ్ళు చేతిలో పెట్టి, మనవడికి ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడిగింది. ఆయన పళ్ళు తిరిగి ఇవ్వబోతే, స్వామికి కోపం వచ్చిందని ఏడ్చింది.

"మన జ్ఞాతులు చావడానికే పుట్టినట్టున్నార్రా," అన్నాడు చిన్నాన్న. ఆయన గడ్డం తెల్లది. ఆయన్ని చూసి జనం ఇంకా ఎక్కువ భయపడుతున్నారు.

ఇదంతా ఒక ఎత్తు. మగపిల్లాడి తల్లి పెమ్మాడి మంగతాయారు ఒక ఎత్తు. పెళ్ళికొడుకు తారకేశు రైల్వేలో ఉద్యోగి, మంచివాడు, తల్లి ముందు నోరెత్తనివాడు. పెళ్ళి నమోదైతేనే అతనికి క్వార్టరు ఇస్తారు. ఆవిడ ఆటో దిగి, పందిట్లోనే నిలబడి మాట్లాడింది. మైల ఇంట్లో కాలు పెట్టదు కదా.

"అన్నయ్యగారూ, మూడుసార్లు చీరలు కొని మూడుసార్లు బీరువాలో పెట్టాను. మావాళ్ళు నవ్వుతున్నారు. కోడలు రాకముందే దొరలందరూ పోయేలా ఉన్నారే అంటున్నారు. శ్రావణంలో ఆఖరి గురువారం ముహూర్తముంది. అదీ తప్పిందంటే నన్ను తప్పుపట్టకండి. నేను ఇంకో సంబంధం చూసుకుంటాను."

తలుపు వెనక మందాకిని విన్నది. ఆ పిల్లకి తారకేశంటే ఇష్టం. తారకేశుకీ ఈ పిల్లంటే ఇష్టం. ఇద్దరి మధ్యా అడ్డం ఉన్నది ఒక్క లాంకషైరే.

సరిగ్గా అప్పుడు సంస్థ వార్షికోత్సవం వచ్చింది.

రాష్ట్రంలోనే తొలి సంపూర్ణ పరిశోధిత వంశాన్ని దాని స్వగ్రామంలో సత్కరించాలని విశ్వంభరం గారి సంకల్పం. లాకులపేట హైస్కూలు మైదానంలో సభ. మంత్రిగారు విచ్చేశారు. కొండలరాయుడికీ చిన్నాన్నకీ శాలువాలు కప్పారు. మంత్రిగారు ఆ గడ్డాలు చూసి, పీఠాధిపతులనుకుని ముందు తానే నమస్కరించారు. ఆనక మూలాల గురించి మాట్లాడుతున్నారు. విశ్వంభరం గారు తల పైకెత్తి ఎర్రటి షామియానాని చూశారు. తను కూర్చున్న కుర్చీని చూశారు. కుర్చీ వీపు మీద 'ఎంట్విసిల్ సప్లయర్స్' అని తెల్లరంగుతో రాసి ఉంది.

ఆయన నిజాయితీపరుడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. మైకు దగ్గరికి నడిచి మంత్రిగారి చెవిలో చెప్పబోయారు. మైకు ఆ మాటలు ఊరంతటికీ చెప్పింది.

"సార్, తమరు మైల కుర్చీలో ఆసీనులయ్యారు. అనుబంధం ప్రకారం మైల ఇంటి వస్తువు తగిలినవారికి స్పర్శ మైల. తమరికీ, సభికులందరికీ. పది రోజులు."

"రేపు మా మనవడి అన్నప్రాసన!" అన్నారు మంత్రిగారు. అదీ మైకులో వినబడింది.

సభ ముగియకుండానే సవరణ వచ్చింది. ఇంత వేగంగా వచ్చిన జీవో ఆ జిల్లాలో అంతకుముందు లేదు. ఇకమీదట వంశంలో అందరికన్నా పెద్దవారు పోతేనే మైల. మిగతావారు ఎప్పుడు పోయినా ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.

లాకులపేట ఊపిరి పీల్చుకుంది. కొండలరాయుడు మంగలిషాపు వైపు పరిగెత్తాడు. గుమ్మంలోనే విశ్వంభరం గారి ఫోను.

"సంతోషవార్త. తమరి వంశ జ్యేష్ఠురాలిని గుర్తించాం. కుమారి డోరిస్ ఎంట్విసిల్. వయస్సు తొంభై ఏడు. బోల్టన్ దగ్గర వృద్ధాశ్రమంలో ఉన్నారు."

"బాగున్నారా అండి?"

"నిన్న మెట్ల మీద పడ్డారు."

కొండలరాయుడు గడ్డం గీయించుకోకుండానే మంగలిషాపు గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు.

ముహూర్తం మూడు వారాలుంది. ఆ మూడు వారాలు లాకులపేట బతికింది డోరిస్ కోసమే. టీకొట్టు దగ్గర మొదటి ప్రశ్న "ముసలావిడెలా ఉంది?" కూరల బజారులో బేరానికి ముందు ఆవిడ తుంటి ఎముక సంగతి. రామాలయంలో డోరిస్ పేరున అర్చన చేయించారు. గోత్రం ఏమిటని పూజారి అడిగితే, మాదే రాయండి అన్నాడు కొండలరాయుడు. నాటువైద్యుడు ఒకాయన తుంటికి కట్టు నూనె పంపుతానంటే, ఎలా పంపాలో పోస్టాఫీసు వాళ్ళకి తెలియలేదు.

ఆశ్రమం నంబరు సంపాదించి మందాకిని ఫోను చేసింది. మొదటిరోజు నర్సు మాట్లాడింది. రెండోరోజు ఫోను తెరమీద ఒక చిన్న ముడతల మొహం, దూదిలాంటి జుట్టు కనిపించాయి. లక్ష్మీకాంతం కొంగు సర్దుకుంది.

"ఎవరు నువ్వు?" అని అడిగింది డోరిస్.

"మీ చుట్టాన్నండి. గోదావరి దగ్గర్నుంచి. నా ఇంటిపేరూ ఎంట్విసిలే."

డోరిస్ కళ్ళజోడు సర్దుకుంది. "నాకు చుట్టాలెవరూ లేరే! నూలుమిల్లులో పనిచేసిన నా స్నేహితురాళ్ళు కూడా పోయారు."

"ఇప్పుడున్నారు. ప్రభుత్వం చెప్పింది."

"ఏ ప్రభుత్వం?"

"మాది."

"మాది ఎప్పుడూ ఏమీ చెప్పదు," అంది డోరిస్. ఫోను కాలవ వైపు తిప్పి బాతుల్ని చూపించమంది. మర్నాడూ చూపించమంది. నాలుగో రోజుకల్లా ఫోను రాకపోతే నర్సుని తిడుతోందట. చిన్నాన్న గడ్డం చూసి, మా నాన్న అచ్చం ఇలాగే ఉండేవాడంది. చిన్నాన్నకి ఆ మాట మందాకిని తెలుగులో చెప్పగానే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే నాకు కూతురవుతుందన్నమాట," అన్నాడు. ఆయనకి డెబ్భై.

"నీ పెళ్ళెప్పుడు?" అని అడిగింది డోరిస్ ఒకరోజు.

మందాకిని తడబడింది. లక్ష్మీకాంతం చెప్పొద్దని సైగ చేస్తోంది. కానీ ఆ పిల్లకి అబద్ధం రాదు. అంతా చెప్పేసింది. మైలంటే ఏమిటో, అదెందుకో, గురువారమెందుకో.

డోరిస్ దగ్గొచ్చేదాకా నవ్వింది. "అంటే నేను పోతే నువ్వు పది రోజులు గడప దాటవా? తలకి నూనె పెట్టవా? నా కోసమా?"

"పెట్టనండి."

డోరిస్ నవ్వు ఆపింది. "గురువారం దాకా ఉంటాలే," అంది.

బుధవారం వచ్చింది.

పందిరి లేచింది. అరటి బోదెలు కట్టారు. కొండలరాయుడు పొద్దున్నే నున్నగా గీయించుకుని వస్తే సొంత మేకపిల్ల గుర్తుపట్టక పొడవబోయింది. ముత్తైదువులు మందాకినికి పసుపు రాస్తున్నారు. మేళగాళ్ళు అప్పుడే దిగారు.

పదకొండు గంటలకి జీపు ఆగింది. అందరూ కొయ్యబారిపోయారు. విశ్వంభరం గారు దిగారు. మొహం వాడిపోయి ఉంది.

"శుభాకాంక్షలు. తమరికి ఇక ఏ భయమూ లేదు. ప్రభుత్వం మైల నిబంధనలన్నీ రద్దు చేసింది. మూలాల నుంచి ఫలాల మీదికి దృష్టి మళ్ళించాలని నిర్ణయించింది. మా సంస్థని ఉద్యానవన శాఖలో కలిపేశారు. రేపటినుంచి నేను జామతోటలు చూడాలి." జేబులోంచి ఒక కాగితం తీశారు. "నా చివరి ఉత్తర్వు. మైలరహిత ధ్రువపత్రం. స్వయంగా ఇద్దామని వచ్చాను."

మేళం మోగింది. చిన్నాన్న విశ్వంభరం గారిని కావలించుకున్నాడు. గోల సద్దుమణగకుండానే మందాకిని ఫోను మోగింది. పసుపు చేతుల్తోనే ఎత్తింది. నర్సు.

మందాకిని వింటూ ఉండిపోయింది. మేళంలో ఒక్కో వాయిద్యమూ ఆగింది.

"తెల్లవారుజామున పోయిందట," అంది. "నిద్రలోనే. బంధువులకి కబురు చెయ్యాలంటే వాళ్ళ దగ్గర ఒక్క నంబరే ఉందట. మనది. ఆవిడే రాయించిందట."

లక్ష్మీకాంతం గభాలున తేరుకుంది. "అయ్యో పాపం. మంచి చావే. అయినా మైల లేదుగా! కాయితం ఉందిగా! కానివ్వండమ్మా, పసుపు రాయండి."

మందాకిని లేచింది. పెరట్లోకి నడిచి, బిందె ఎత్తి నీళ్ళు నెత్తిమీద గుమ్మరించుకుంది. పసుపంతా కారిపోయింది.

"పిచ్చిపిల్లా! ఏం చేస్తున్నావే?"

"పది రోజులు మైల పడతానని ఆవిడతో చెప్పానమ్మా."

"ఆగండి, ఆగండి!" విశ్వంభరం గారు పెరట్లోకి పరిగెత్తారు. "మైల రద్దయింది! ఇప్పుడు పాటిస్తే రద్దుచేసిన నిబంధనని అతిక్రమించినట్టు!"

"రద్దయినదాన్ని ఎలా అతిక్రమిస్తారండి?" అన్నాడు కొండలరాయుడు.

విశ్వంభరం గారు ఆలోచించారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే.

కొండలరాయుడు కూతుర్ని చూశాడు. పందిరిని చూశాడు. భాద్రపదంలో ముహూర్తాలుండవు. ఆ తరవాత మంగతాయారు ఉండదు. రెండో బిందె తీసుకుని తన నెత్తిన పోసుకున్నాడు. చిన్నాన్న అంతకుముందే కాలవలోకి దిగిపోయాడు.

కబురు వియ్యాలవారికి వెళ్ళింది. అరగంటలో ఆటో వచ్చింది. మంగతాయారు దిగింది. వెనకే తారకేశు. తడిబట్టలతో నిలబడ్డ మందాకిని దగ్గరికి ఆవిడ నేరుగా వచ్చింది.

"కాయితం వచ్చిందట కదే? మైల లేదని సర్కారే చెప్పిందట కదా?"

"అవునత్తయ్యా."

"ఎవరూ పట్టమనకుండానే పట్టావా?"

"అవునత్తయ్యా."

"రేపు పెళ్ళి తప్పుతుందని తెలిసే?"

మందాకిని తల దించుకుంది.

మంగతాయారు చుట్టూ చూసింది. ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, నాకు ఇద్దరు కోడళ్ళున్నారు. మీ నాన్న పోయినప్పుడు పెద్దది మూడోరోజు సీరియలు పెట్టింది. రెండోది అయిదోరోజు పుట్టింటికెళ్ళింది. ఫోనులో చూసిన దొరసానికే తలమీద నీళ్ళు పోసుకుంది చూడు ఈ పిల్ల. రేపు నేను పోతే నా పది రోజులూ నాకు గ్యారంటీ. ఇలాంటిదాన్ని వదులుకోమంటావా? కార్తీకమైతే కార్తీకం. క్వార్టరు ఎక్కడికీ పోదు."

తారకేశు నోరు మొదటిసారి తెరుచుకుంది. "నేను ఎప్పుడు వదులుకోమన్నానే అమ్మా?" అన్నాడు.

మంగతాయారు కొంగు బిగించి అరుగు మీద చతికిలబడింది. మైల ఇల్లన్న సంగతి పట్టించుకున్నట్టు లేదు.

"సరే, ఆ పందిరి విప్పకండి. పెద్దకర్మ భోజనాలకి పనికొస్తుంది. ఇంతకీ పోయినావిడకి ఏమిష్టమమ్మా? పోయినవాళ్ళకి ఇష్టమైంది వండి పెట్టాలి కదా."

మందాకిని తల అడ్డంగా ఊపింది. అది ఎప్పుడూ అడగలేదు.

వెనకనుంచి ఎవరో సన్నగా దగ్గారు.

"గొర్రెమాంసం ముక్కలు," అన్నారు విశ్వంభరం గారు, బిడియంగా. "ఉల్లిపాయలు. పైన బంగాళాదుంపలు చక్రాల్లా కోసి పరుస్తారు. మూతపెట్టి సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గనివ్వాలి. లాంకషైర్ మిల్లు కార్మికుల ఇళ్ళలో ప్రసిద్ధమైన వంటకం. మా నివేదికలో ఒక అధ్యాయమంతా దాని గురించే రాశాను. ఎవరూ చదవలేదు."

మంగతాయారు ఆయన్ని ఎగాదిగా చూసింది.

"బూట్లు విప్పి ఇలా రా నాయనా," అంది. "మసాలా ఎంత పడుతుందో చెప్పు."

"మసాలా వెయ్యరండి."

"మనవాళ్ళే కదా," అంది మంగతాయారు. "కాస్త వేద్దాం."